సభ్యుల సంఖ్యను ఓటర్లనే అడగడం ఎందుకు?

ప్రశ్న: అమెరికాలో మన జిల్లా వంటిదైన లాస్ ఏంజిలిస్ కౌంటీలో స్థిరపడి, అక్కడ ఓటు హక్కు పొందిన మా అమ్మాయి 2024 నవంబరులో అధ్యక్ష ఎన్నికతో పాటు, కౌంటీ పాలకమండలిని ఐదుగురి నుంచి తొమ్మిది మందికి పెంచాలా వద్దా అన్న ప్రశ్న మీద కూడా ఓటు వేసిందట. ఇలాంటి లెక్కను ప్రభుత్వమే తేల్చకుండా జనాన్ని అడగడమేమిటి? మన ఊళ్లలో అలా అడిగే వీలుందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ అమ్మాయి ఓటు వేసిన ఆ ప్రతిపాదన పేరు మెజర్ జి. ఆ కౌంటీకి చార్టర్ అనే సొంత మూలశాసనం ఉంది. 1912లో ఓటర్లు ఆమోదించిన ఆ శాసనంలో ఏది మార్చాలన్నా మళ్లీ ఓటర్లే ఒప్పుకోవాలి కాబట్టి, బోర్డు అనే ఆ పాలకమండలి సభ్యుల సంఖ్య కూడా బ్యాలెట్ మీదికి వచ్చింది. నా దృష్టిలో ఇది సరైన పద్ధతి. కుర్చీలలో కూర్చున్నవారికే కుర్చీల లెక్క అప్పగిస్తే, కొత్తగా చేరే ప్రతి సభ్యుడి వల్లా తమ పలుకుబడి కొంత తగ్గుతుందన్న ఆలోచన వారికి రాకుండా ఉండదు.

1910 జనగణన నాటికి ఆ కౌంటీ జనాభా 5 లక్షల పైచిలుకు, అంటే సూపర్వైజరు అని పిలిచే ఒక్కో బోర్డు సభ్యుడికి దాదాపు లక్ష మంది. ఇప్పుడు జనాభా కోటికి దగ్గరగా ఉంది, సూపర్వైజర్లు మాత్రం ఆ ఐదుగురే. ఏ నగరపాలక సంస్థ పరిధిలోనూ లేని ప్రాంతాలలో బతికే సుమారు 10 లక్షల మందికి వీధి పనుల నుంచి ప్రతిదానికీ ఈ బోర్డే దిక్కు. ఇరవై లక్షల మందికి ఒక్కరే ప్రతినిధి అయినప్పుడు, తన వీధి గోడు చెప్పుకోవడానికి వచ్చిన మనిషి ఆ ఒక్కరిని ముఖాముఖి కలుసుకోగలడా? అయినా 1992లోను, 2000లోను సంఖ్య పెంచే ప్రతిపాదనలను ఓటర్లు తోసిపుచ్చారు. నాయకులు పెరిగితే ఖర్చు పెరుగుతుందన్న వారి భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. 2024లో కూడా సగానికి కాస్త పైన ఓట్లతోనే అది గట్టెక్కింది.

అయితే అడిగిన తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. సభ్యుల పెంపు, ఓటర్లే ఎన్నుకునే కార్యనిర్వాహకుడి పదవి, నైతిక వ్యవహారాల కమిషన్, బడ్జెట్ల బహిరంగ సమర్పణ, ఇవన్నీ ఒకే ప్రశ్నలో మూటకట్టి, మొత్తానికి ఒకే అవును, ఒకే కాదు పెట్టారు. తొమ్మిది మంది సభ్యులు కావాలనుకుని, ఎన్నికైన కార్యనిర్వాహకుడు వద్దనుకున్న ఓటరు ఏం చేయాలి? పైగా 2025 జూలైలో మరో సంగతి బయటపడింది. కౌంటీ సొంత ఆదాయంలో ఫలానా పనికే వాడాలన్న నిర్బంధం లేని భాగం నుంచి కనీసం 10 శాతాన్ని సామాజిక సేవలకు, జైలుకు బదులుగా నడిచే కార్యక్రమాలకు కేటాయించాలని 2020లో ఓటర్లే ఆమోదించిన మెజర్ జె, దాన్ని చార్టర్ పాఠంలో సకాలంలో చేర్చని పొరపాటు వల్ల, మెజర్ జి అమలుతో 2028లో రద్దయ్యే పరిస్థితి ఏర్పడింది. బ్యాలెట్ మీది ప్రశ్నలో ఈ ప్రస్తావన ఎక్కడా లేదు. తాము ఇచ్చిన తీర్పును తామే తెలియక కొట్టేసుకోవడం ఓటర్లకు జరిగిన అన్యాయం.

అదే ప్రాంతంలోని లాస్ ఏంజిలిస్ నగరం 1999లో ఇంతకన్నా నిజాయతీగా అడిగింది. కొత్త చార్టర్‌ను ఒక ప్రశ్నగా, 15 మంది సభ్యుల కౌన్సిల్‌ను 21కి గానీ 25కి గానీ పెంచడాన్ని విడి ప్రశ్నలుగా పెట్టారు. ఓటర్లు చార్టర్‌ను ఆమోదించి, పెంపు రెంటినీ తిరస్కరించారు. ఫలితం నాకు నచ్చకపోయినా, ప్రజలు ఏమన్నారో అందులో సందేహానికి తావు లేదు.

ఇక మన సంగతి. పురపాలక సంఘాల కూర్పును రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణం రాష్ట్ర శాసనసభకు వదిలింది. ఆంధ్రప్రదేశ్ 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ పంచాయతీ సభ్యుల సంఖ్య జనాభాను బట్టి 5 నుంచి 21 దాకా ఉంటుంది. దాని మీద ఓటర్లను అడిగే ఏర్పాటు లేదు. వార్డుల విభజన ముసాయిదా వెలువడినప్పుడు అభ్యంతరాలు, సూచనలు ఇవ్వడమే మనకున్న దారి. ఆ గడువు కొద్ది రోజులే ఉంటుంది కనుక, ఈసారి మీ ఊరి ముసాయిదా నోటీసు బోర్డు మీదికి ఎక్కిన రోజే వెళ్లి, మీ వీధి ఏ వార్డులో పడిందో, ఆ వార్డులో ఎందరు ఓటర్లున్నారో చూసి, అభ్యంతరముంటే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.