మూడు మఠాలు, ఒక్క రోజు

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగరీత్యా లిస్బన్‌లో ఉంటున్నాడు. సంక్రాంతి వెళ్లగానే నేనూ మా ఆవిడా అక్కడికి బయలుదేరుతున్నాము. అల్కొబాసా, బతాల్యా, తొమార్ ఊళ్లలోని పాత మఠాలు మూడింటినీ ఒకే రోజున కారులో చూపిస్తానంటున్నాడు. అరవై దాటిన మాకు అది వీలవుతుందా? ఒక్కదానితో సరిపెట్టుకోవాలంటే ఏది మేలు? మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు.
– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: జనవరిలో అక్కడ సాయంత్రం ఐదున్నర ప్రాంతానికే పొద్దు గూకుతుంది కనుక, మూడూ పెట్టుకుంటే మీకు గుర్తుండేది కారు ప్రయాణమే. తొమార్‌కు లిస్బన్ నుంచి రైలుంది. దానిని వేరే రోజుకు ఉంచుకోండి. అల్కొబాసా, బతాల్యాల మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లే కాబట్టి ఆ రెండూ ఒక రోజుకు సరిపోతాయి.

ఒక్కటే అంటే మాత్రం, నా ఓటు అల్కొబాసాకే. పోర్చుగల్ తొలి రాజు అఫోన్సు హెన్రిక్స్ 1153లో సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులకు ఇచ్చిన భూమిలో వెలసిన మఠమిది. చర్చి ముందుభాగంలో కనిపించే అలంకారం చాలావరకు 18వ శతాబ్దంలో చేర్చినది. దానిని చూసి లోపలా అంతే ఉంటుందనుకోకండి. ఆడంబరాన్ని నిషేధించుకున్న ఆ సన్యాసులు కట్టిన మందిరంలో వంద మీటర్లకు మించిన పొడవున, దాదాపు 20 మీటర్ల ఎత్తున తెల్లని రాతి స్తంభాలు తప్ప మరేమీ ఉండదు. స్తంభం స్తంభానికీ శిల్పాన్ని వెతికే మన కళ్లకు అది మొదట వెలితిగానే తోస్తుంది.

ఆ వెలితి నడుమ ఉన్నందువల్లనే కాబోలు, రాజు పెద్రు, ఇనెష్ దె కాస్త్రుల సమాధులపై చెక్కడం మరింత నిండుగా కనిపిస్తుంది. పెద్రు ప్రేమించిన ఇనెష్‌ను అతని తండ్రి, నాటి రాజు నాలుగో అఫోన్సు 1355లో చంపించాడు. తరువాత గద్దెనెక్కిన పెద్రు ఆమెకూ తనకూ ఈ సమాధులు చేయించాడు. ఇద్దరి పాదాలూ ఎదురెదురుగా ఉంటాయి. చనిపోయినవారంతా లేస్తారని క్రైస్తవులు నమ్మే తుది తీర్పునాడు లేవగానే ఒకరికొకరు కనబడాలనే అలా ఉంచారని అక్కడివారు చెబుతారు. ఆమె శవాన్ని వెలికితీయించి కిరీటం పెట్టించాడన్న కథను మాత్రం కథగానే వినండి. తరువాత టిక్కెట్టు తీసుకుని వంటశాల చూడండి: పలకలు తాపిన బ్రహ్మాండమైన పొగగొట్టం, అల్కోవ నది నీటిని లోపలికి మళ్లించిన కాలువ.

బతాల్యా మఠాన్ని 1385లో పొరుగు రాజ్యం కాస్తిల్య సేనపై సాధించిన విజయానికి గుర్తుగా పోర్చుగల్ రాజు మొదటి జువావుఁ కట్టించాడు. అక్కడి అసంపూర్ణ మందిరాలకు పైకప్పు లేదు, జనవరి వానల నెల; గొడుగు, ఉన్ని శాలువా మరవకండి.

తిండి విషయంలో మీ ఆవిడ జాగ్రత్తపడక తప్పదు. అల్కొబాసాలో పేరుపడిన మఠాల మిఠాయిలు చాలావరకు పచ్చసొన, చక్కెరలతో చేసినవి. కొన్నింటిలో పంది కొవ్వు కూడా పడుతుంది. కూర సూప్ అని తెచ్చినదానిలోనూ మాంసం ముక్క తేలవచ్చు. ‘సెమ్ ఓవు, సెమ్ కార్ని’ అంటే గుడ్డూ మాంసమూ లేకుండా అని అర్థం. ఆ ప్రాంతపు ఆపిల్ పండ్లకు మంచి పేరుంది. వాటికి తోడు అబ్బాయి ఇంట్లోనే పులిహోర కలిపి పట్టుకెళ్లడం అన్నిటికన్నా నిశ్చింత.