నీ చేతిలో మరొకరి రాతప్రతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈసారి నీ కథల కన్నా మీ రచయితల బృందం గురించే ఎక్కువ రాశావు. అందరూ కలిసి నిన్నే ముందుండి నడిపించమన్నారని, సంతోషంతో పాటు కొంచెం బెరుకుగానూ ఉందని అన్నావు. "నేనే ఇంకా నేర్చుకుంటున్నాను, ఇంకొకరికి ఏం చెప్పగలను?" అని అడిగావు. ఆ ప్రశ్న వేసుకునేవాళ్ల చేతికే ఈ పని రావాలి. వేసుకోనివాళ్లు మనకు ఇప్పటికే కావలసినంత మంది ఉన్నారు, వేదికల మీద.

సమావేశాలు ఎన్నాళ్లకోసారి పెట్టాలి, ఎవరు ముందు చదవాలి వంటివి చెప్పి విసిగించను. అవి మీరే తేల్చుకోగలరు. నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఒక కొత్త రచయిత తన రాతప్రతి నీ చేతిలో పెట్టినప్పుడు నువ్వు ఏం చేస్తావన్నదే నీ నాయకత్వం. మిగిలినదంతా కుర్చీలు సర్దే పని.

ఒక వాక్యం తీసుకుందాం. "ఆమె ఎంతో బాధతో, దుఃఖం ఆపుకోలేక, వెక్కి వెక్కి ఏడ్చింది." తొలి కథలో ఇలాంటి వాక్యం రాయనివాళ్లు అరుదు. చూడగానే నీకు చెయ్యి ఊరుకోదు. కొట్టేసి, పైన ఇలా రాస్తావు: "ఆమె ఏమీ మాట్లాడలేదు. నీళ్ల గ్లాసు పట్టుకుని, తాగకుండా, చాలాసేపు అలాగే కూర్చుంది." వాక్యం బాగానే ఉంది. కథ కూడా కొంత తేరుకుంటుంది. కానీ ఆ గ్లాసు నీది. రాసిన మనిషికి అందులో దక్కింది ఏమీ లేదు, తనకు చేతకాలేదన్న సంగతి తప్ప.

అదే చోట ఏమీ కొట్టేయకుండా, పక్కన పెన్సిల్‌తో "ఏడుస్తున్నప్పుడు ఆమె చేతులు ఏం చేస్తున్నాయి?" అని మాత్రం రాసి ఇచ్చి చూడు. కొన్నాళ్లకు ఆ పేజీ ఇలా తిరిగి రావచ్చు: "ఏడుస్తూనే పిల్లవాడి చొక్కాకు గుండీ కుట్టింది. దారం పళ్లతో కొరికేటప్పుడు మాత్రం ఏడుపు ఆగింది." ఇది నీకూ నాకూ తట్టేది కాదు. ఆ గుండీ ఆ రచయిత ఎప్పుడో, ఎవరి దగ్గరో కళ్లారా చూసినది. నువ్వు అడగకపోతే బయటికి వచ్చేది కాదు. అయినా అందులో ఇది నాది అని చెప్పుకోవడానికి నీకు ఒక్క అక్షరం మిగలదు. ఈ పనిలోని కష్టమంతా అదే. బాగా చేసిన కొద్దీ నీ చెయ్యి పడిన జాడ కనిపించకుండా పోతుంది.

అంటే ఎప్పుడూ కొట్టివేతలే వద్దంటున్నానా? లేదు. 1922లో అచ్చయిన ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ దీర్ఘకవిత 'ది వేస్ట్ లాండ్' సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఆ రాతప్రతి ఆయన మిత్రుడు, మరో కవి ఎజ్రా పౌండ్ చేతిలో పడి దాదాపు సగానికి తగ్గింది. ఎలియట్ కొన్ని మార్పులకు తలవంచాడు, కొన్నిటికి ససేమిరా అన్నాడు. పౌండ్ ఎంత పని చేశాడో లోకానికి వివరంగా తెలిసింది, ఆ ప్రతి నకలు 1971లో అచ్చయినప్పుడే. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఎలియట్ ఆ కవితను, తనకన్నా మంచి పనివాడు అంటూ, పౌండ్‌కు అంకితమిచ్చాడు. (పౌండ్ తర్వాతి కాలపు రాజకీయాలు, ఫాసిజాన్ని వెనకేసుకురావడం, తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మనిషి మొత్తాన్ని ఆదర్శంగా పెట్టుకోమని చెప్పడం లేదు, ఆ పెన్సిల్‌ను చూడమంటున్నాను.)

దాని పక్కన ఇంకొక సంగతి పెట్టి చూడు. అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ కథల పుస్తకం ఒకదాన్ని ఆయన సంపాదకుడు గోర్డన్ లిష్ కూడా సగానికి పైగా కోశాడు. 1980 జులైలో కార్వర్ ఆ పుస్తకం ఆపేయమని బతిమాలుతూ లిష్‌కు ఉత్తరం రాశాడు. అయినా పుస్తకం మరుసటి ఏడాది లిష్ కోసిన రూపంలోనే వచ్చింది, కార్వర్‌కు గొప్ప పేరూ తెచ్చింది. కార్వర్ పోయి రెండు దశాబ్దాలు దాటాక, 2009లో, అసలు ప్రతులు అచ్చయ్యాయి. ఇప్పటికీ లిష్ చేతిలో పడిన కథలే మేలనేవాళ్లున్నారు. ఒకటి రెండు కథల విషయంలో నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా ఆ పద్ధతిని నేను సమర్థించను. కథ బాగుపడిందా అన్నది ఒక్కటే ప్రశ్న అయితే లిష్‌ను తప్పుపట్టడం కష్టం. రాసినవాడు "వద్దు" అంటే ఆ మాట చెల్లిందా అన్నది రెండో ప్రశ్న. నీ బృందంలో ఎవరైనా నీ సలహాను నీ ముఖం మీదే కాదని, మళ్లీ వారం అదే బల్ల దగ్గర నవ్వుతూ కూర్చోగలిగితే మీ బృందం బాగున్నట్టే.

ఎంత చెప్పాలో, ఎక్కడ ఆగాలో తెలియడానికి నేను ఎప్పుడూ తలుచుకునేది మన రంగానికి చెందని మనిషిని, గణితవేత్త హార్డీని. 1913 జనవరిలో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమస్తాగా ఉన్న రామానుజన్ నుంచి ఆయనకు సిద్ధాంతాలతో నిండిన ఉత్తరం వచ్చింది. అంతకు ముందు వేరే పెద్దలకు రాస్తే ఫలితం లేకపోయింది. హార్డీ మాత్రం సహచరుడు లిటిల్‌వుడ్‌తో కలిసి కూర్చుని చదివాడు. చదివే ఓపిక, చూడు, అది మొదటి సాయం. 1914లో రామానుజన్ కేంబ్రిడ్జి చేరాక అసలు చిక్కు మొదలైంది. ఆయనకు ఆధునిక గణితంలో తెలియనివి చాలా ఉన్నాయి. నిరూపణ అంటే ఏమిటో కూడా స్పష్టంగా తెలియదు. నేర్పకుండా వదిలేయలేరు. అలాగని మొదటి నుంచీ క్రమంగా చదవమని బలవంతపెడితే ఆయన ఆత్మవిశ్వాసం, ఆ స్ఫూర్తి రెండూ దెబ్బతింటాయేమోనని హార్డీ భయపడ్డాడు. అందుకే నేర్పవలసినవి ఏరి, కొంచెం కొంచెంగా నేర్పాడు. ఆ ప్రయత్నంలో కొంత నెగ్గానని, అయితే రామానుజన్ తన దగ్గర నేర్చుకున్న దానికన్నా తాను రామానుజన్ దగ్గర నేర్చుకున్నదే చాలా ఎక్కువని ఆయనే రాసుకున్నాడు. 1920లో రామానుజన్ పోయాక కూడా పని ఆపలేదు. ఆయన పరిశోధన వ్యాసాలన్నీ 1927లో ఒక సంపుటంగా వచ్చాయి, సంపాదకుల్లో హార్డీ ఒకరు.

ఇంకొకటి గమనించు. ఇంత చేస్తూనే హార్డీ తన గణితం తాను చేసుకుంటూనే ఉన్నాడు. నువ్వు నీ ఉత్తరంలో "ఈ ఏడాది నా రాతలు పక్కన పెట్టి వాళ్లకే సమయం ఇద్దామనుకుంటున్నాను" అన్నావు. ఆ త్యాగం నాకు నచ్చలేదు. తన రాత మానేసిన మనిషి కొన్నాళ్లకు ఇతరుల రాతప్రతుల్లో తన వాటా వెతుక్కోవడం మొదలుపెడతాడు. "ఆ ముగింపు నేను చెప్పిందే" అనడం అక్కడి నుంచే వస్తుంది. ముందుమాటల్లోనూ ఈ జబ్బు కనబడుతుంది. రచయిత గురించి నాలుగు ముక్కలు, రచయిత తన దగ్గరికి మొదటిసారి ఎలా వచ్చాడన్నది నాలుగు పేజీలు. ముందుమాట అడిగితే రాయి. అందులో నువ్వు కనిపించకు.

పత్రికల వాళ్లు తెలిసినవాళ్లయితే ఆ పరిచయం దాచుకోకు. అయితే బాగాలేని కథకు సిఫారసు చేయకు. అది ఇద్దరికీ మర్యాద కాదు.

ఇక నువ్వు అడగని విషయం ఒకటి. మీలో ఒకరు ఏదో ఒక రోజు నిన్ను దాటిపోతారు. నువ్వు పంపి పంపి విసిగిపోయిన పత్రికలోనే వాళ్ల కథ వస్తుంది. ఆ పొద్దున కడుపులో మంట పుడుతుంది. పుట్టనివ్వు, అందులో సిగ్గుపడవలసింది లేదు. దాన్ని కప్పిపుచ్చడానికి అతిగా పొగడటం, లేదా మెచ్చుకుంటూనే ఒక చురక వేయడం, ఈ రెండూ వద్దు. మంట చల్లారాక ఫోను చేసి, ఆ కథలో నీకు నిజంగా నచ్చిన ఒక్క చోటు గురించి మాట్లాడు.

తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి శిష్యులను చూడు. విశ్వనాథ సత్యనారాయణ, వేలూరి శివరామశాస్త్రి, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు. గురువుగారిది నాలుక మీద సాఫీగా సాగిపోయే పద్యం. విశ్వనాథది ఆగి, విడదీసుకుని చదువుకోవలసిన పద్యం. ఒకరి దారి ఇంకొకరి మీద రుద్దినట్టు ఎక్కడా కనబడదు. విశ్వనాథ తన రామాయణంలో, నాలాంటి శిష్యుణ్ణి పొందిన భోగం నన్నయకూ లేదు, తిక్కనకూ లేదు, మా చెళ్లపిళ్ల స్వామికే దక్కింది అన్నాడు. ఎంత అహంకారం! కానీ తన అహంకారాన్ని కూడా గురువు ఖాతాలోనే వేశాడు. చదివిన ప్రతిసారీ నవ్వొస్తుంది, కొంచెం అసూయా కలుగుతుంది, ఆ గురువు మీద.

సమావేశం నడిపే పని వంతులవారీగా అందరికీ అప్పగించు. నువ్వు రాని రోజున కూడా సభ జరగాలి.

నీ ఉత్తరంతో పాటు పంపిన ఆ అమ్మాయి కథ ఇంకా చదవలేదు. కావాలనే. నువ్వు దాని మీద ఒక పేజీ వివరణ కూడా జతచేశావు, ఎక్కడ బాగుందో, ఎక్కడ కుంటుతోందో. రెండూ తిరిగి పంపుతున్నాను. కథను ఆమెనే తన చిరునామాతో నాకు పంపమను. జవాబు ఆమెకే రాస్తాను. అందులో ఏముందో చెప్పాలో వద్దో ఆమె ఇష్టం.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన