బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు పేరు పంపాలంటే మోడల్ ముందే తయారుగా ఉండాలా?

అక్కర్లేదు, పేరు పంపేటప్పుడు కావలసింది ఆలోచన ఒక్కటే. అది ఎంపికయ్యాకే మోడల్ చేయడానికి విద్యార్థి ఖాతాలో 10,000 రూపాయలు పడతాయి. సైన్స్ ఫెయిర్‌కు మోడల్ పట్టుకెళ్లాలి కాబట్టి ఇదీ అంతేనని చాలామంది పొరబడి, కొన్న అగ్నిపర్వతం మోడల్‌నే ఆలోచనగా రాసి పంపిస్తారు. పాఠ్యపుస్తకంలో ఉన్నది నిలవదు; ఇక్కడ చూసేది కొత్తదనం, జనానికి పనికిరావడం.

నెల్లూరు జిల్లా అల్లూరు వైపు రొయ్యల గుంటలే తీసుకోండి. రాత్రి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, అంటే ఏరేటర్లు ఆగుతాయి, తెల్లవారేలోపు నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు చస్తాయి. ఏరేటర్ ఆగిన క్షణమే బ్యాటరీతో మోగే అలారం, అదీ తక్కువ ఖర్చులో అయితే, పంపదగ్గ ఆలోచన.

ఖాతాలో పేరు, నమోదులో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే సరిచూడండి. తేడా ఉంటే డబ్బు ఆగిపోతుంది.