వాటర్‌ఫాల్‌లో నడిమధ్య గీత ఏమిటి?

ప్రశ్న: ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) కొన్నాను. ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసినా వాటర్‌ఫాల్ (సిగ్నళ్లను గీతలుగా చూపే తెర చిత్రం) మధ్యలో ఒక నిలువు గీత కనిపిస్తోంది, కానీ ఏమీ వినిపించదు. మిగతా గీతల్లో ఏది అసలు సిగ్నలో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అది స్టేషన్ కాదండీ, మీ డాంగిల్ తనంతట తాను పుట్టించేదే, డీసీ స్పైక్ అంటారు. వినాలనుకున్న సిగ్నల్‌ను మధ్య నుంచి కాస్త పక్కకు జరిపి పెట్టుకోండి, చాలు.

ఇక మిగతావి. అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా కాలం, రంగు ఎంత వెలిగితే సిగ్నల్ అంత బలం. ఎస్‌ఎస్‌బీలో (మాటలు పంపే ఒక రేడియో పద్ధతి) మాట్లాడేవాళ్లది రెండున్నర, మూడు కిలోహెర్ట్జ్ వెడల్పున చిందరవందరగా ఉండే పట్టీ, వాళ్లు ఆగినప్పుడల్లా అదీ తెగిపోతుంది. మోర్స్ అయితే సన్నటి గీత, దగ్గరికి జూమ్ చేస్తే చుక్కలు, గీతలు కంటితోనే చదవొచ్చు. 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర చూడండి, 50 హెర్ట్జ్ వెడల్పు పట్టీలు గుంపుగా 15 సెకన్లకోసారి గడియారం కొట్టినట్టు మొదలవుతాయి, అది ఎఫ్‌టీ8, కంప్యూటర్లతో చిన్న సందేశాలు పంపుకునే డిజిటల్ పద్ధతి.

సమాన దూరాల్లో, ఆగకుండా సాగే గీతలుంటే ముందు ఇంట్లో ఫోన్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆపి చూడండి. గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) మాత్రం పూర్తిగా పెంచేయకండి, చాలామంది చేసే పని అదే. బలమైన ఎఫ్‌ఎం స్టేషన్ దగ్గరలో ఉంటే లేని చోట కూడా దొంగ సిగ్నళ్లు వస్తాయి. కొంచెం తగ్గించగానే ఒక్కసారిగా మాయమైతే అవి దొంగవే.