అతుక్కుపోయిన రిలే గురించే రాయమ్మా

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు ప్లస్ టూ సైన్సు రెండో సంవత్సరం ఇంగ్లీషులో చదువుతున్నాను. మా నాన్నగారికి మోటారు వైండింగ్ దుకాణం ఉంది. సాయంత్రాలు వోల్టేజి పడిపోయి రైతుల మోటార్లు కాలిపోతుంటే, వోల్టేజి తగ్గగానే మోటారును ఆపే పెట్టె ఒకటి నేనూ మా చిన్నాన్న కొడుకూ కలిసి తయారు చేశాం. మొదటిది పాడైంది, రెండోది పని చేస్తోంది. ప్రాజెక్టులు చేయిస్తూ ఇంజనీరింగ్ నేర్పే అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌కు దరఖాస్తు చేయాలని ఉంది. నా మార్కులు 75 శాతం దగ్గరే ఆగుతున్నాయి. నాలాంటి వాళ్లను తీసుకుంటారా? నా వ్యాసం చిత్తుప్రతి, మొదటి పెట్టెలో పాడైన రిలే (మోటారుకు కరెంటు కలిపి తెంపే చిన్న స్విచ్చి) పంపుతున్నాను. ఖర్చుకు పొలం తాకట్టు పెడతానని నాన్నగారు అంటున్నారు.
– ఒక విద్యార్థిని, గుణుపురం

జవాబు: అమ్మా, నీ కవరు చించగానే ముందు రిలేనే చేతిలో పడింది. అగ్గిపెట్టెలో సగం ఉంది. నీలం ప్లాస్టిక్ తొడుగు, దాని మీద 10 ఆంపియర్లు అని అచ్చు. కూరగాయల కత్తితో తొడుగు ఒలిచి భూతద్దం కింద పెట్టాను. లోపల ఆవగింజంత లోహపు బొడిపెలు రెండూ కరిగి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గుండుసూది మొనతో ఎత్తి చూశాను, విడిపోలేదు. చుట్టూ దీపం మసిలాంటి నలుపు. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

తరువాత నీ వ్యాసం చదివాను. "చిన్ననాటి నుంచి నాకు సైన్సు అంటే ప్రాణం" అని మొదలుపెట్టి, ప్రపంచానికి సేవ చేయాలన్న కోరికతో ముగించావు. మధ్యలో ఒకే ఒక్క వాక్యం: "కొన్ని సాంకేతిక సమస్యలను అధిగమించి విజయం సాధించాను." నీ దరఖాస్తుకు ప్రాణమైనదంతా ఆ వాక్యం కింద పాతిపెట్టేశావు తల్లీ. దాన్ని కొట్టేసి, ఆ చోట జరిగింది జరిగినట్టు రాయి.

జరిగింది ఏమిటి? ఒక హార్స్‌పవర్ మోటారు తిరుగుతున్నప్పుడు ఆరేడు ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి 10 ఆంపియర్ల రిలే చాలనుకున్నావు. లెక్క తప్పు కాదు, కాని అది తిరుగుతున్న మోటారు లెక్క. ఆగి ఉన్న మోటారు కదిలే ఆ తొలి క్షణంలో అయిదారు రెట్లు లాగుతుంది. ఆ దెబ్బకు నిప్పురవ్వ లేచి బొడిపెలు కరిగి అతుక్కున్నాయి. ఇక వోల్టేజి పడిపోయి పెట్టె ఆపమన్నా మోటారు ఆగలేదు. రక్షించడానికి పెట్టిన పెట్టె కళ్ల ముందే మోటారు కాలింది. ఆ వార్నిష్ మాడిన వాసన మీ నాన్నగారి దుకాణంలో పెరిగిన నీకు నేను చెప్పనక్కరలేదు. రెండోసారి రిలేకు చిన్న పని మాత్రమే ఇచ్చి, మోటారు కరెంటు మోసే పని కాంటాక్టర్‌కు, అంటే పెద్ద కరెంటును తట్టుకునే స్విచ్చికి, అప్పగించావు. ఈ రెండు పెట్టెల మధ్య మూడు వారాలు ఏమనుకున్నావు, ఎవరిని అడిగావు, కాలిన మోటారు ఎవరిది, అతనితో ఏమన్నావు? దరఖాస్తు చదివేవారికి కావలసినవి ఇవి. అమెరికాలో చాలా కళాశాలలకు ఒకటే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ అప్లికేషన్‌లో వ్యాసానికి 650 పదాలే హద్దు. వాటిలో సగం ఆ మూడు వారాలకు ఇవ్వు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ సంస్థ నడిచే తీరే. అది 1865లో పుట్టింది. సొమ్ము ఇచ్చి నిలబెట్టిన వారిలో జాన్ బాయింటన్ రేకు సామాన్ల వ్యాపారి, ఇకబాడ్ వాష్‌బర్న్ ఇనుప తీగల తయారీదారు. తొలి తరగతుల భవనం ఒకరి పేరున, కార్ఖానా ఇంకొకరి పేరున ఈనాటికీ ఉన్నాయి. సిద్ధాంతమూ పనీ కలిసి సాగాలన్నది మొదటి రోజు నుంచీ వారి మాట. ద్రవ ఇంధనంతో తొలి రాకెట్‌ను 1926లో ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్ 1908లో అక్కడే పట్టా పుచ్చుకున్నాడు. 1970లో పాఠ్యక్రమాన్నే తిరగరాసి ప్రాజెక్టులను చదువుకు నడుమ నిలిపారు. మూడో ఏట సాధారణంగా ఇద్దరు ముగ్గురు తోటివారితో కలిసి, సాంకేతికతకూ సమాజానికీ ముడిపడిన సమస్య మీద పని చేయాలి. అది నీ శాఖకు చెందినదే కానక్కరలేదు. చాలామంది దానికోసం వేరే దేశాలకు వెళతారు. ఆఖరి ఏట సొంత శాఖలో పెద్ద ప్రాజెక్టు.

నేను ఈ ప్రాంతంలో 31 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. నేను చదువుకున్న కళాశాలలో సన్నని కరెంటును పసిగట్టే గాల్వనోమీటరు అద్దాల బీరువాలో ఉండేది, బీరువాకు తాళం ఉండేది. పై తరగతి వారి రికార్డు చూసి అంకెలు ఎక్కించి నూటికి తొంభై తెచ్చుకున్నాను. ఆ మార్కులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నీ 75 శాతం వెనుక కాలిన రిలే ఒకటి ఉంది. ఆ రోజుల్లో నా చేతిలో అలాంటిది ఒక్కటి కూడా లేదు.

మార్కులకు విలువ లేదని అనుకోకు. అక్కడ సంవత్సరాన్ని ఏడేసి వారాల నాలుగు భాగాలుగా నడుపుతారు, ఒక్కో భాగంలో మామూలుగా మూడు సబ్జెక్టులు. వారం రోజులు జ్వరం వస్తే అందుకోవడం కష్టం. తప్పిన సబ్జెక్టు మార్కుల పట్టికకు ఎక్కదు, అది కొంత ఊరట. కాని కలనగణితం (కాల్క్యులస్) రాకపోతే ఆ వేగంలో నిలవలేవు. ఈ ఆరు నెలలూ గణితం మీద కూర్చో. తీసుకుంటారా అని అడిగావు. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇస్తామని డబ్బు అడిగే మధ్యవర్తిని మీ గడప తొక్కనివ్వకండి.

నీ చిత్తుప్రతి వెనుక పెన్సిల్‌తో గీకిన రెండు వరుసలు కనిపించాయి. కొండ కింద పొలం ఉన్న సవర తాత అన్న మాట: "కరెంటు వచ్చాక ఇది దానంతట అదే తిరిగితే, నేను పంపులో చెయ్యి పెట్టి ఉంటే?" ఆ మాట విని, మళ్లీ మీట నొక్కితే గాని మోటారు కదలకుండా మార్చావు. ఇంత గొప్ప సంగతిని వెనుక పేజీలో ఎందుకు వదిలేశావు? వాడే మనిషి మాట విని గీసిన బొమ్మను మార్చుకోవడమే అక్కడ మూడో ఏడు నేర్పే పని. మన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాషను సవరల నోట విని నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు. నీ ఊరికి అది దూరపు కథ కాదు. తాత మాటను ముందు పేజీలోకి తీసుకురా. మీ చిన్నాన్న కొడుకు చేసిన పని ఏదో, నీది ఏదో విడివిడిగా చెప్పు. అంతా నేనే చేశానని రాసిన వారిని జట్టుగా పని చేయించే చోట ఎవరు నమ్ముతారు?

ముందు మొత్తం తెలుగులో, మీ నాన్నగారికి చెబుతున్నట్టు రాసుకో. తరువాత ఇంగ్లీషు చెయ్యి. ఆ దరఖాస్తులోనే, చదువు కాక చేసిన పనుల జాబితాలో ఒక్కోదానికి 150 అక్షరాల చోటే ఉంటుంది, అక్కడ విశేషణాలు పెట్టకు, మోటారు, వోల్టేజి, అంకెలు పెట్టు. సిఫారసు ఉత్తరం రాసే లెక్చరర్ దగ్గరకు పెట్టె తీసుకుని వెళ్లు. చూడకపోతే ఆయన మాత్రం "క్రమశిక్షణ గల విద్యార్థిని" అనక ఇంకేమి రాస్తారు?

ఇక డబ్బు. ఇది మీ నాన్నగారికి చదివి వినిపించు. ఫీజు, వసతి, భోజనం కలిపితే అక్కడ ఏడాదికి 75 వేల డాలర్లకు పైనే, అంటే 60 లక్షల రూపాయలు దాటుతుంది. అలాంటివి నాలుగేళ్లు. వీసాకు ముందే మొదటి ఏడాది ఖర్చుకు సొమ్ము ఉన్నట్టు కాగితాలు చూపాలి. పొలం తాకట్టు పెట్టినా అందులో ఒక మూలకు రాదు. అయ్యా, దయచేసి పొలం కాగితాలు పెట్టెలోనే ఉంచండి. ప్రవేశం ఉత్తరంతో పాటు ఎంత స్కాలర్‌షిప్ ఇస్తారో తెలిశాకే కూర్చుని లెక్క వేయండి. ఈలోగా అమ్మాయి జేఈఈ మెయిన్ తప్పక రాయాలి. రూర్కెలా ఎన్ఐటీ, బుర్లాలోని వీర్ సురేంద్ర సాయి విశ్వవిద్యాలయం, బరంపురంలోని పరలా మహారాజా ఇంజనీరింగ్ కళాశాల, వీటన్నిటికీ దారి ఆ పరీక్షే. పనిచేసే చేతులు ఎక్కడికి వెళ్లినా తోడుంటాయి. అమెరికా రాకపోతే నీ పెట్టె ఆగిపోదు.

రిలేను కాగితంలో చుట్టి తిరిగి పంపుతున్నాను. ఇంటర్వ్యూ ఉంటే పక్కన పెట్టుకో.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాంటి విశ్వవిద్యాలయాలకే దరఖాస్తు చేస్తాడట. ప్రాజెక్టు లేదు. నగరంలో తయారుచేసిన ప్రాజెక్టులు రిపోర్టుతో సహా అమ్ముతున్నారు, కొనమంటారా?
– ఒక తండ్రి, బరంపురం

జవాబు: వద్దండీ. అది మోసం, పైగా రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. "మొదటిసారి ఎందుకు పని చేయలేదు?" అని అడిగితే కొన్న వాడికి జవాబు ఉండదు. మీ ఇంట్లో మూలపడిన ఫ్యాను గాని మిక్సీ గాని ఉంటే ఈ ఆదివారం విప్పమనండి. ఏ మర దేనికో నోటుపుస్తకంలో బొమ్మ గీసి పెట్టుకోమనండి. తిరిగి బిగించాక అది తిరగకపోతే, ఎందుకు తిరగలేదో అతడే రాసి నాకు పంపాలి.