తోట సందేహాలు: ఉప్పుగాలికి నిలిచే గడ్డి దుబ్బులు

ప్రశ్న: మాది విశాఖ సాగర్ నగర్. సముద్రం వైపు ప్రహరీ వెంట 25 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు స్థలం ఉంది. ఏ పూలమొక్క పెట్టినా ఆకుల అంచులు మాడిపోతున్నాయి. ఇద్దరం ఉద్యోగస్తులం, రోజూ చూసుకోలేం. నీలి ఫెస్క్యూ గడ్డి తెప్పించుకుందామనుకుంటున్నాం. బతుకుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఫెస్క్యూ వద్దండి. అది చలిదేశాల గడ్డి. మన ఎండనూ ఉక్కపోతనూ తట్టుకోలేదు. వానలు పడేసరికి మొదలు కుళ్లిపోతుంది.

మీ స్థలానికి వట్టివేరును మించింది లేదు. ఉప్పుగాలికీ ఎండకీ జంకదు. వేరు పక్కలకు పాకకుండా నిలువుగా 10 అడుగుల దాకా కూడా దిగుతుంది. తుఫాను గాలికి దుబ్బు వాలుతుందే తప్ప పెళ్లగిలి రాదు. ప్రహరీ వైపు 2 అడుగులకొకటి చొప్పున 12 దుబ్బులు పెట్టండి. ఇంటి వైపు వరసలో, దాని చాటున, ఊదారంగు ఫౌంటెన్ గడ్డి రెండున్నర అడుగులకొకటి చాలు. నర్సరీలో ఊదా రకాన్నే అడిగి తీసుకోండి. ఆకుపచ్చ ఫౌంటెన్ గడ్డి గింజ రాలి వీధంతా మొలుస్తుంది. ఊదా రకం దాదాపుగా గింజ కట్టదు.

నాటడానికి జూన్ చివర, వానలు అందుకున్నాక మంచిది. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తీసి, తవ్విన ఎర్రమట్టిలో రెండు గుప్పిళ్ల చివికిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. ఎరువు ఎక్కువైతే ఆకు మెత్తగా పెరిగి దుబ్బు నేలమీద పడిపోతుంది. గడ్డి పాడయ్యేది చాలాసార్లు ఈ అతి ప్రేమవల్లే. మట్టి గుల్లబారడానికని బీచ్ ఇసుక మాత్రం కలపకండి, అందులో ఉప్పు ఉంటుంది. పిలక మొదలు నేలమట్టానికి సమంగా ఉండాలి, లోతుగా పాతితే కుళ్లుతుంది.

మొదటి రెండు నెలలు వాన లేనప్పుడు రెండు రోజులకోసారి నీళ్లు పోయండి. తర్వాత వేసవిలో వారానికోసారి బాగా తడిపితే చాలు. తుఫాను వెళ్లిన మర్నాడు మంచినీళ్లతో ఆకులు కడిగేయండి.

ఏటా ఫిబ్రవరిలో కొడవలితో, నేలనుంచి 8 అంగుళాలు వదిలి కత్తిరించాలి. పాముల భయం ఉన్నవాళ్లు ఈ పని అసలు వాయిదా వేయకూడదు. ఎలుకలు చేరేది దుబ్బు మొదలు దగ్గర పేరుకున్న ఎండుటాకులోకే, వాటి వెనకే పాములూ వస్తాయి. గుమ్మానికి ఆరడుగుల లోపు ఏ దుబ్బూ పెట్టకండి.

ప్రశ్న: మధురవాడలో మా పెరట్లో ఊదా ఫౌంటెన్ గడ్డి మూడేళ్లుగా ఉంది. ఇప్పుడు నడిమధ్య ఎండిపోయి చుట్టూ మాత్రమే మొలుస్తోంది. రంగు కూడా ఆకుపచ్చకు తిరిగింది. తెగులా?
– ఒక పాఠకుడు

జవాబు: తెగులు కాదు, దుబ్బు ముదిరింది. పాత పిలకలు చచ్చి, కొత్తవి అంచునే వస్తాయి. తొలకరిలో మొత్తం పెకలించి, పారతో ముక్కలు చేయండి. ముక్కకు నాలుగైదు పిలకలు, వాటికి వేళ్లు ఉండాలి. మొదలు వేలితో నొక్కి చూడండి. గట్టిగా, లోపల తెల్లగా ఉంటే పనికొస్తుంది. మెత్తగా ఉండి పుల్లటి వాసన వస్తే పారేయండి. ఆకులు 6 అంగుళాలకు కోసి, ఎండుభాగం తీసేసి అదే రోజు నాటండి. గాలికి వేళ్లు ఆరితే పట్టవు.

రంగు పోవడం నీడ వల్ల. రోజుకు కనీసం 6 గంటల నేరుగా పడే ఎండ లేకపోతే ఊదా నిలవదు, కంకులూ తగ్గుతాయి. పక్కన పెరిగిన చెట్టు కొమ్మలు నరకండి, లేదా గడ్డినే ఎండలోకి మార్చండి.

ప్రశ్న: దసరా రోజుల్లో భీమిలి దారిలో రెల్లు తెల్లగా పూస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. తెచ్చి ఇంట్లో పెంచుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: నేలలో వద్దు. భూమిలోపల దుంపవేరుతో పాకుతుంది, తవ్వి తీసినా వేలెడు ముక్క మిగిలితే మళ్లీ లేస్తుంది. మనసు పడితే 2 అడుగుల సిమెంటు తొట్టిలో పెట్టి, తొట్టిని మట్టిమీద కాక బండమీదో ఇటుకలమీదో ఉంచండి. అడుగు రంధ్రంలోంచి వేరు బయటికొస్తోందేమో నెలకోసారి చూసి కోసేయండి. కంకి దూదిలా విచ్చి గింజ ఎగరకముందే కత్తిరించి కూజాలో పెట్టుకోండి.