డర్బిన్–వాట్సన్ టెస్ట్ పాసైతే ఆటోకోరిలేషన్ లేనట్టేనా?

20 ఏళ్ల వార్షిక డేటా, డర్బిన్–వాట్సన్ టెస్టులో పీ వాల్యూ 0.18, కాబట్టి రిగ్రెషన్ ఎర్రర్లలో ఆటోకోరిలేషన్ (ఒక ఏడాది ఎర్రర్‌కి ముందు ఏడాది ఎర్రర్‌తో సంబంధం) లేదని థీసిస్‌లో రాయొచ్చా అని అడిగారు. రాయొద్దు. నేను రాసి వైవాలో దొరికిపోయాను.

నాదీ 20 ఏళ్ల డేటానే. అనంతపురం వేరుశనగ దిగుబడి మీద ఖరీఫ్ వర్షపాతం, దాంతోపాటు ట్రెండ్ కోసం సంవత్సరం. డర్బిన్–వాట్సన్ టెస్టు ఇచ్చే డీ విలువ 1.5 వచ్చింది (2 దగ్గరుంటే ఆటోకోరిలేషన్ లేనట్టు). పట్టికలో 5 శాతం దగ్గర హద్దులు 1.10, 1.54: మొదటిదానికంటే తగ్గితే ఆటోకోరిలేషన్ ఉన్నట్టు, రెండోది దాటితే ఆధారం దొరకనట్టు. అంటే ఎటూ తేలని చోట పడింది. 1.10 కంటే తగ్గలేదు కదా అని ధీమాగా ‘లేదు’ అని రాసేశాను. ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "నిజంగా ఆటోకోరిలేషన్ 0.3 ఉందనుకో, నీ టెస్టుకి దొరికేదా?" నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. 20 పరిశీలనల్లో ఆటోకోరిలేషన్ అంచనాకు స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 0.22. అంటే రెండు వైపులా చూసే 5 శాతం టెస్టు 0.44 దాటితే తప్ప నోరు విప్పదు. అసలు విలువ 0.3 అయితే పట్టుబడే అవకాశం రమారమి నాలుగో వంతు. అదే 100 పరిశీలనలుంటే 85 శాతం దాకా వెళ్తుంది. పైగా డీ అంటే సుమారుగా 2 × (1 − ఆటోకోరిలేషన్), కాబట్టి నా డీ 1.5 అంటేనే ఆటోకోరిలేషన్ 0.25 దరిదాపుల్లో ఉందని. కళ్లెదుట ఉన్నదాన్నే లేదన్నాను!

దీనివల్ల దెబ్బ అన్ని కోఎఫిషియెంట్ల మీదా ఒకేలా పడదు. వర్షం ఏ ఏడాదికా ఏడాదే, కాబట్టి దాని స్టాండర్డ్ ఎర్రర్ పెద్దగా మారదు. ట్రెండ్ సంగతి వేరు. ఆటోకోరిలేషన్ 0.3 అయితే దాని స్టాండర్డ్ ఎర్రర్ 36 శాతం దాకా పెరగాలి. నేను గొప్పగా చూపించిన టీ విలువ 2.3 కాస్తా 1.7 అయి కూర్చుంది.

ఆటోకోరిలేషన్‌కే ఉన్న మరో టెస్టు బ్రూష్–గాడ్‌ఫ్రేకి మారితే పవర్ (ఉన్నదాన్ని పట్టుకునే శక్తి) ఊడిపడదు, ఉన్న డేటా అంతేగా. ఆటోకోరిలేషన్‌కి తగ్గట్టు స్టాండర్డ్ ఎర్రర్లను సరిచేసే న్యూయీ–వెస్ట్ పద్ధతి కూడా ఇంత చిన్న శాంపిల్‌లో స్టాండర్డ్ ఎర్రర్లను తక్కువగానే చూపిస్తుంది. చివరికి ఆటోకోరిలేషన్ 0, 0.2, 0.4 అనుకుని మూడుసార్లు మోడల్ వేసి, ట్రెండ్ ఎలా మారుతుందో పక్కపక్కన పెట్టాను. ‘లేదు’ అన్న చోట ‘ఈ డేటాతో తేల్చలేం’ అని మార్చాను. కరెక్షన్లు అక్కడితో ఆగాయి.

అన్నట్టు, మీ మోడల్లో గతేడాది దిగుబడి కూడా వేరియబుల్‌గా ఉందా? ఉంటే డీ దానంతటదే 2 వైపు జరుగుతుంది, ఆ 0.18ని అసలు పట్టించుకోకండి.